సింగర్ 15, 66, 99కె: పాత కుట్టు మిషన్ల నంబర్లు ఎలా పుట్టాయి, వాటిని ఎలా చదవాలి

మీరు అడిగిన ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. అమ్మమ్మగారి నుంచి మీకు నల్లటి సింగర్ చేతి మిషన్ వచ్చింది. కింది పలక మీద ఇంగ్లిషు వై అక్షరంతో మొదలయ్యే సీరియల్ నంబరు ఉంది. మెకానిక్ ఒకాయన చూసి "ఇది 15" అన్నాడు. ఇంట్లోవాళ్లు దాన్ని 1915 అనుకున్నారు. కొనడానికి వచ్చినాయన "1851 మోడల్" అన్నాడు. విడిభాగాల మీద మాత్రం 'సిమాంకో' అని ఉంది. సూది కోసం షాపుకెళితే హెచ్‌ఏ×1 అని రాసిన ప్యాకెట్ ఇచ్చారు. ఇందులో ఏది మోడల్, ఈ పేర్లన్నీ ఎక్కడివి, పాత మిక్సీలకూ ఫ్రిజ్‌లకూ ఇలాగే ఉంటాయా అన్నది మీ సందేహం.

ముందు సూటిగా జవాబులు. 15 సంవత్సరం కాదు, ఆ మిషన్ ఏ 'క్లాస్'కి చెందిందో చెప్పే సంఖ్య. 1851 కంపెనీ పుట్టిన ఏడాది. సిమాంకో వేరే కంపెనీ కాదు, సింగరే. వై అక్షరం మిషన్ స్కాట్లాండ్‌లో తయారైందని చెబుతుంది. హెచ్‌ఏ×1 సూది మీ మిషన్‌కి సరిపోతుంది, దాని వెనక ఉన్న కథ కూడా ఆ 15 నుంచే మొదలవుతుంది. పాత మిషన్లు విప్పి బాగుచేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఈ నంబర్లను తప్పుగా చదివి మంచి మిషన్లకు తప్పుడు భాగాలు బిగించి పాడుచేసినవాళ్లను చాలామందిని చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఐజాక్ మెరిట్ సింగర్‌కి అమెరికాలో పేటెంట్ వచ్చింది 1851 ఆగస్టు 12న. తొలి మిషన్లు బరువైనవి, వర్క్‌షాపుల కోసం చేసినవి. ఇళ్లలో వాడుకోవడానికి 1856లో ఒక చిన్న మిషన్ తెచ్చారు. తాబేలు వీపులా ఉందని దానికి 'టర్టిల్‌బ్యాక్' అన్న పేరు పడింది. 1859లో 'లెటర్ ఏ', 1865లో 'న్యూ ఫ్యామిలీ', 1879లో 'ఇంప్రూవ్డ్ ఫ్యామిలీ' వచ్చాయి. ఈ పేర్లలో ఉన్న చిక్కు మీకే కనిపిస్తుంది. కొత్తది అన్నారు, తర్వాత మెరుగుపరిచింది అన్నారు, ఆ తర్వాత వచ్చేదాన్ని ఏమనాలి? కొనేవాళ్లకు అలాంటి పేర్లు నచ్చవచ్చు. సూది, బాబిన్ (కింది దారం చుట్టే చిన్న కండె), స్ప్రింగు విడిగా పంపాల్సిన ఫ్యాక్టరీకి మాత్రం అవి చాలవు.

సింగర్ మిషన్లను వాయిదాల మీద అమ్మే పద్ధతిని కంపెనీ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ 1850లలోనే మొదలుపెట్టాడు. అమ్మకాలు దేశదేశాలకు పాకాయి. మన దేశానికి కూడా 19వ శతాబ్దంలోనే వచ్చేశాయి. ఎక్కడో వేల మైళ్ల దూరంలో ఉన్న ఏజెంటు "ఫ్యామిలీ మిషన్‌కి షటిల్ (కింది దారాన్ని మోసుకెళ్లే భాగం) పంపండి" అని రాస్తే ఏ ఫ్యామిలీ మిషన్ అని అడగాల్సి వస్తుంది. ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి వారాలు పట్టే రోజులవి. 'క్లాస్ 15' అని రాస్తే ఇక అనుమానం ఉండదు. న్యూ ఫ్యామిలీకి 12, ఇంప్రూవ్డ్ ఫ్యామిలీకి 15, వైబ్రేటింగ్ షటిల్ రకాలకు 27, 28 అన్న సంఖ్యలు ఇలా స్థిరపడ్డాయి. కొనేవాడిని ఆకట్టుకోవడం వాటి పని కాదు. ఏ భాగం ఏ మిషన్‌కి సరిపోతుందో చెప్పడమే వాటి పని. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది.

క్లాస్ అంటే మిషన్ అసలు నిర్మాణం: పై దారాన్ని పట్టుకుని కింది దారంతో ముడివేసే హుక్ ఎలా కదులుతుంది, బాబిన్ ఎక్కడ కూర్చుంటుంది, ఏ సూది పడుతుంది. క్లాస్ 15లో హుక్ పూర్తిగా గుండ్రంగా తిరగదు, అటూ ఇటూ ఊగుతుంది. బాబిన్ గుండ్రంగా ఉంటుంది. బయటికి తీయగలిగే కేస్‌లో పెట్టి, సూది కిందుగా ఎడమ చివర నుంచి లోపలికి తోస్తాం. దారం టెన్షన్ సర్దే మర ఎడమ చివరి ముఖం పలక మీద ఉంటుంది. మన ఊళ్లలో ఏ దర్జీ షాపుకెళ్లినా కనిపించే నల్ల మిషన్ దాదాపు ఇదే.

ఊగే హుక్ ఉన్న ఈ 15 మిషన్‌ని రూపొందించింది సింగర్ కంపెనీలో ఇంజనీర్లుగా ఉన్న లెబియస్ మిల్లర్, ఫిలిప్ డీల్. వాళ్లలో డీల్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1880లలో కుట్టు మిషన్ మోటారుకి రెక్కలు తగిలించి సీలింగ్ ఫ్యాన్ చేసింది ఆయనే. మన ఇంట్లో పైన తిరిగేది, మూలన కుట్టేది రెండూ ఒకే మనిషి చేతి మీదుగా వచ్చాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

క్లాస్ తర్వాత గీత పెట్టి ఇంకో సంఖ్య ఉంటుంది. దాన్ని 'వెరైటీ' అంటారు. అదే క్లాస్‌లో ఏ అమరికతో బయటికి వచ్చిందో అది చెబుతుంది. దీనికి 15వ క్లాస్ చివరి రకాల కంటే మంచి ఉదాహరణ లేదు. 15-88 కాళ్లతో తొక్కేది. 15-89 చేత్తో తిప్పేది. 15-90 వెనక మోటారు పెట్టి బెల్టుతో నడిపేది. 15-91లో మోటారు మిషన్ ఒంట్లోనే ఉంటుంది, బెల్టు లేకుండా గేర్లతో నేరుగా నడుస్తుంది. నాలుగింటికీ బాబిన్ ఒకటే, సూది ఒకటే, కుట్టు ఒకటే. మారేది నడిపే శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్నదే.

ఇది తెలియక 88 కంటే 91 కొత్తది, మెరుగైనది అనుకుని ఎక్కువ ధర పెట్టేవాళ్లు ఉన్నారు. కరెంటు తరచూ పోయే ఊళ్లో 15-88 ఎంతో ఉపయోగపడుతుంది. 15-91లో మోటారు తీగల మీద పూత పాతబడి రాలిపోతే మళ్లీ తీగలు వేయించాలి, అది అందరూ చేయగల పని కాదు. కాబట్టి పెద్ద సంఖ్య పెద్ద మిషన్‌ని సూచించదు.

అసలు ఈ సంఖ్యల్లో వరుస వెతకడమే వృథా శ్రమ. 28 అంటే 27కి ముప్పావు సైజు తమ్ముడు. 99 అంటే 66కి ముప్పావు సైజు. ఒక చోట చిన్నదానికి ఒక అంకె పెరిగింది, ఇంకో చోట ముప్పై మూడు పెరిగాయి. షటిల్ తీయడానికి మీట లాంటి కొన్ని మెరుగులు పెట్టాక 27 కాస్తా 127 అయింది, 28 కాస్తా 128 అయింది. "ముందు ఒకటి చేరిస్తే మెరుగైన రకమన్నమాట" అని మీకు అనిపించవచ్చు. కానీ 115ని చూడండి. అది మెరుగుపడిన 15 కాదు, హుక్ పూర్తిగా చుట్టూ తిరిగే వేరే జాతి మిషన్. దాని హుక్ మీ 15లో పట్టదు. ఇళ్లలో వాడేవి, వర్క్‌షాపుల్లో వాడేవి కూడా ఒకే వరుసలో కలిసి ఉంటాయి. 29 చెప్పులూ తోలూ కుట్టేవాళ్ల మిషన్, 31 దర్జీల బరువు పని మిషన్. ఆ పక్కనే 28 ఇంట్లో టేబుల్ మీద పెట్టుకునేది. 1933లో వచ్చిన 221 'ఫెదర్‌వెయిట్' సూట్‌కేసులో పట్టే చిన్న మిషన్. 1950లలో దానికి తోడు వచ్చిన 222కెకి చేతులూ పాంటు కాళ్లూ తొడిగి కుట్టడానికి వీలుగా సన్నటి చేయి ఉంటుంది.

ఇక అక్షరాలు. 15కె, 66కె, 99కె, 201కె అని చివర కనిపించే కె అంటే కిల్‌బోవీ. స్కాట్లాండ్‌లో గ్లాస్గో దగ్గర క్లైడ్‌బ్యాంక్ పట్టణంలో సింగర్ ఫ్యాక్టరీ ఉన్న చోటు అది. 1880ల మధ్యలో మొదలైన ఆ ఫ్యాక్టరీ 1913 నాటికి ఏడాదికి పది లక్షల పైచిలుకు మిషన్లు చేసింది. 1980లో మూతపడింది. ఫ్యాక్టరీ పోయినా ఆ పక్కన ఉన్న రైల్వే స్టేషన్‌ని ఈనాటికీ 'సింగర్' అనే పిలుస్తారు. అమెరికాలోని న్యూజెర్సీలో ఎలిజబెత్‌పోర్ట్ ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ తయారైన మోడళ్లకు మామూలుగా చివర అక్షరం ఉండదు. కెనడాలోని సెయింట్ జాన్స్ అయితే జె. అమెరికాలోనే బ్రిడ్జ్‌పోర్ట్‌లో వీలర్ అండ్ విల్సన్ అనే మరో కుట్టు మిషన్ల కంపెనీ నుంచి తీసుకున్న ఫ్యాక్టరీది డబ్ల్యూ. బ్రిటిష్ పాలన రోజుల్లో మన దేశానికి వచ్చిన సింగర్లలో ఎక్కువ భాగం స్కాట్లాండ్‌వే. అందుకే మన దగ్గర పాత ఇళ్లలో దొరికేవాటి చివర కె అంత తరచుగా తగులుతుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. మోడల్ చివర ఉండే అక్షరం వేరు, సీరియల్ నంబరు ముందు ఉండే అక్షరం వేరు. రెంటికీ వేర్వేరు పట్టికలు. 1900 వరకూ సింగర్ సీరియళ్లు వట్టి అంకెలే. అప్పటికే అవి కోట్లలోకి వెళ్లాయి. అంకెలు ఇంకా పొడవు కాకుండా అక్కడి నుంచి ముందు ఒక అక్షరం చేర్చారు. జి అక్షరంతో మొదలయ్యే సీరియల్ చూసి జర్మనీ అనుకోకండి. అది న్యూజెర్సీ మిషన్. మీ దానిమీద ఉన్న వై క్లైడ్‌బ్యాంక్‌ది. 1920ల మొదటి నుంచి 1930ల మధ్య వరకూ ఆ అక్షరం వాడారు. అది అయిపోయాక ఈఏ, ఈబీ అంటూ రెండక్షరాల వరుస మొదలైంది. అమెరికావి మాత్రం అంతకు ముందే, 1920ల మధ్య నుంచి ఏఏ, ఏబీ అంటూ వచ్చాయి. కాబట్టి మీ మిషన్ 1915ది అయ్యే అవకాశం లేదు. అయినా వయసు తొంభై దాటింది, అది చాలదా!

సీరియల్‌తో తేదీ చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ఫ్యాక్టరీ పుస్తకాల్లో రాసింది మిషన్ పూర్తయిన రోజు కాదు. "ఇన్ని వేల నంబర్లు ఫలానా క్లాస్‌కి" అని కేటాయించిన రోజు. ఆ నంబర్లన్నీ వాడేసరికి నెలలు పట్టవచ్చు. మిషన్ అమ్ముడై ఇంటికి చేరడానికి ఇంకా ఆలస్యం కావచ్చు. అందుకే ఇంటి జ్ఞాపకానికీ పట్టిక తేదీకీ ఒకటి రెండేళ్ల తేడా వస్తే ఇంట్లోవాళ్ల మాట తప్పని అనుకోవద్దు. ఆ కేటాయింపు పట్టికల వల్ల ఇంకో లాభం కూడా ఉంది. తేదీతో పాటు మోడల్ కూడా తెలుస్తుంది. ఆ కాలపు మిషన్ల మీద చాలాసార్లు మోడల్ నంబరు అసలు రాసి ఉండదు, సీరియల్ ఒక్కటే ఉంటుంది. చిన్న రేకు మీద 201కె, 99కె అని అచ్చొత్తి బిగించడం తర్వాతి కాలపు అలవాటు. కంపెనీ కాగితాలు ఇప్పుడు అమెరికాలో విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీ దగ్గర ఉన్నాయి. సేకరణకర్తలు ఆ వివరాలతో తయారుచేసిన పట్టికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ సీరియల్‌ని అక్షరంతో సహా పూర్తిగా రాసుకుని అందులో వెతకండి.

మోడల్ అని పొరపడే గుర్తులు ఇంకా కొన్ని ఉన్నాయి. సిమాంకో అంటే సింగర్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ అన్న మాటల ముక్కలు కలిపి చేసిన పేరు. దాని పక్కనుండే అంకెలు ఆ భాగం నంబరు మాత్రమే. పొడవాటి బాబిన్ మీద 8228 అని ఉంటే మిషన్ మోడల్ 8228 అనుకోకూడదు. మోటారు రేకు మీద 'క్యాట్' అని మొదలయ్యే అక్షరాలు, అంకెలు ఉంటాయి. అవి మోటారు కేటలాగు నంబర్లు. ఫెదర్‌వెయిట్ అడుగున ఉండే 'క్యాట్ 3-110' కూడా అంతే. దాన్ని చూసి "3-110 మోడల్" అని అమ్మకానికి పెట్టిన ప్రకటనలు నేను చూశాను.

బంగారు రంగు బొమ్మలు కూడా మోడల్ కావు. ఎరుపూ బంగారు రంగూ కలిసిన బొమ్మలున్న 66ని సేకరణకర్తలు 'రెడ్ ఐ' అంటారు. రెక్కలున్న సింహాల బొమ్మలు ఉంటే 'స్ఫింక్స్' అంటారు. ఆ బొమ్మలు ఒకే డిజైన్‌లో వేర్వేరు క్లాసుల మీద కూడా ఉంటాయి. కాబట్టి "ఈజిప్టు మోడల్" అని ఎవరైనా చెబితే అది బొమ్మ గురించి చెప్పిన మాట, యంత్రం గురించి కాదు.

1851 గొడవ మరీ ఎక్కువ. కంపెనీకి నూరేళ్లు నిండిన సందర్భంగా 1951 ప్రాంతంలో తయారైన మిషన్ల బ్యాడ్జి చుట్టూ నీలం అంచు పెట్టి 1851-1951 అని వేశారు. ఆ అంకెలను చూసి నూట డెబ్బై ఏళ్ల మిషన్ అని నమ్మి పెద్ద మొత్తాలు పోసినవాళ్లు ఉన్నారు. అది అన్ని రకాల మోడళ్ల మీదా వచ్చిన బ్యాడ్జి. మీ వై సీరియల్ మిషన్‌కి ఆ బ్యాడ్జి ఉండే కాలమే కాదు. 1851 అన్నాయన ఆ మాట ఎక్కడో విని ఉంటాడు. ఆ మాటను బట్టి ధర పెంచనూ వద్దు, తగ్గించనూ వద్దు.

ఇక మిక్సీలు, ఫ్రిజ్‌ల గురించి అడిగారు. ఒక్కో ఇంట్లో ఒక్కో ఆచారం. అమెరికాలో ఒహాయోలోని హోబార్ట్ కంపెనీ బేకరీల కోసం పెద్ద పిండి కలిపే యంత్రాలు చేసేది. 1919లో ఇంటికి పనికొచ్చేలా చిన్నది చేసి 'కిచెన్‌ఎయిడ్' పేరుతో తెచ్చింది. దాని మోడల్ హెచ్-5. ఆ అంకె గిన్నె ఎన్ని క్వార్టులు (ఒక క్వార్టు అంటే లీటరు కంటే కాస్త తక్కువ) పడుతుందో చెబుతుంది. 1937లో ఎగ్మాంట్ ఏరెన్స్ రూపం దిద్దిన మోడల్ కె వచ్చింది. తర్వాత వచ్చిన కె45లో 45 అంటే నాలుగున్నర క్వార్టుల గిన్నె. అక్కడ సంఖ్య కొనేవాళ్లకు కూడా పనికొచ్చే కొలత. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల 1927 నాటి ఫ్రిజ్ సంగతి ఇంకా వేరు. కంప్రెసర్ పైన గుండ్రటి గోపురంలా ఉండేది. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన 'మానిటర్' అనే ఓడ ఫిరంగి గోపురంలా ఉందని జనం దాన్ని 'మానిటర్ టాప్' అన్నారు. కంపెనీ లోపలి కోడ్‌లు నిపుణులకు మాత్రమే గుర్తున్నాయి, జనం పెట్టిన పేరే చరిత్రలో నిలిచింది.

సింగర్‌లో కూడా ఫ్యాక్టరీ నంబర్ల రాజ్యం ఎల్లకాలం సాగలేదు. 1952లో 301 వచ్చినప్పుడు ఇంకా నంబరే ముందుండేది. 1950ల చివర్లో 401 వచ్చేసరికి 'స్లాంట్-ఓ-మాటిక్' అన్న పేరు ముందుకొచ్చింది. 1960లలో 'టచ్ అండ్ సో', ఆ తర్వాత 'ఫ్యూచురా' అంటూ ప్రకటనల పేర్లు పెరిగాయి. నా అభిప్రాయం అడిగితే, రిపేరు చేసేవాడికి కష్టాలు అక్కడి నుంచే పెరిగాయి. 'టచ్ అండ్ సో' అనే ఒక్క పేరుతో చాలా మోడళ్లు ఉన్నాయి. ఆ పేరు చెప్పి భాగం తెప్పించలేం, మళ్లీ అడుగునున్న నంబరు దగ్గరికే రావాలి.

మీ సూది ప్యాకెట్ దగ్గరికి వస్తాను. సింగర్ పేటెంట్ల గడువు తీరాక 15వ క్లాస్‌ని ప్రపంచమంతా నకలు తీసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ తయారీదారులు ఒకరి భాగాలు మరొకరి మిషన్‌కి సరిపోయేలా కొలతలు ఒకటి చేసుకున్నారు. దానికి ఆధారం ఈ క్లాస్ 15. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు హెచ్‌ఏ-1. హెచ్ అంటే ఇంటి వాడకానికి అని. ఆ మిషన్లు వందలాది బ్రాండ్ల పేర్లతో ప్రపంచానికి వెళ్లాయి. జానోమ్ అనే జపాన్ కంపెనీ పేరు కూడా గుండ్రటి బాబిన్ నుంచే పుట్టింది. అప్పటిదాకా వాడుకలో ఉన్న పొడవాటి బాబిన్ స్థానంలో గుండ్రటి బాబిన్ వస్తే, అది పాము కన్నులా ఉందని జపాన్‌వాళ్లు అనుకున్నారు. వాళ్ల భాషలో పాము కన్నే ఆ పేరు. మన దగ్గర 'ఉష జానోమ్' అని పెట్టె మీద చూస్తున్నది అదే.

మన ఉష కూడా ఈ కుటుంబంలోదే. 1930లలో కలకత్తాలో బిషన్ దాస్ బాసిల్ తొలి స్వదేశీ కుట్టు మిషన్లలో ఒకటి తయారుచేసి తన కూతురి పేరు పెట్టాడని చెబుతారు. తర్వాత జయ్ ఇంజనీరింగ్ వర్క్స్‌ని లాలా శ్రీరామ్ చేపట్టాక అది దేశమంతా వ్యాపించింది. ఉష నల్ల మిషన్ అయినా, లూధియానాలో తయారై మన బజార్లకు వచ్చే చిన్న బ్రాండ్లయినా లోపల చూస్తే 1879 నాటి ఆ 15 నిర్మాణమే. అందుకే మీ తొంభై ఏళ్ల మిషన్‌కి పక్క వీధిలో బాబిన్ కేస్ దొరుకుతోంది.

సూదుల సంగతి ఇది. సింగర్ లెక్కలో సూదికి కూడా క్లాస్, వెరైటీ ఉంటాయి. 15×1 అంటే 15వ క్లాస్‌కి చెందిన ఒకటో రకం సూది. అదే సూదిని జపాన్ పద్ధతిలో హెచ్‌ఏ×1 అంటారు. జర్మన్ ప్యాకెట్ల మీద 130/705 హెచ్ అని ఉంటుంది. ఆ చివరి హెచ్ సూది వెనక కన్నం పైన ఉండే గాడికి గుర్తు, జపాన్ హెచ్‌తో దానికి సంబంధం లేదు. మూడు దేశాల పేర్లు, ఒకే సూది. పై కాడ ఒక పక్క చదునుగా ఉంటుంది. దర్జీ షాపుల్లో జూకీ మిషన్లకు వాడే డీబీ×1 సూది కాడ మాత్రం పూర్తిగా గుండ్రం. అది మీ మిషన్‌లో దూరినా ఎత్తు కుదరదు, కుట్టు తప్పుతుంది, హుక్‌కి తగిలి మొన విరుగుతుంది.

ప్యాకెట్ మీద 90/14 అని రెండు అంకెలు కనిపిస్తాయి. 14 పాత సింగర్ కొలత. 90 అంటే సూది మందం మిల్లీమీటరులో నూరో వంతుల్లో, అంటే 0.9 మిల్లీమీటర్లు. జాకెట్టు గుడ్డకి 75/11 గానీ 90/14 గానీ, జీన్స్ లాంటివాటికి 100/16 తీసుకోండి.

బాబిన్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఇప్పుడు అమ్మే కొత్త మిషన్ల ప్యాకెట్ల మీద కూడా 'క్లాస్ 15', 'క్లాస్ 66' అన్న మాటలు ఉంటాయి. అవి ఈ పాత మిషన్ల నంబర్లే. రెండూ చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి. 15 బాబిన్ పక్కలు చదును, 66 బాబిన్ పక్కలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. ఒకదాంట్లో ఒకటి పట్టినట్టే అనిపిస్తుంది. కాసేపు కుడుతుంది కూడా. తర్వాత అడుగు దారం బిగుసుకుంటుంది, టెన్షన్ ఎంత సర్దినా కుదరదు. మిషన్‌దే తప్పని పక్కన పడేస్తారు. బాగుచేయమని నా దగ్గరికి వచ్చే 66, 99 మిషన్లలో తప్పుడు బాబిన్ ఒక సాధారణ జబ్బు.

మీ మిషన్ నిజంగా 15 అవునో కాదో మెకానిక్ మాట మీదే వదిలేయకండి, రెండు నిమిషాల్లో మీరే చూడవచ్చు. సూది దగ్గరున్న రేకు జరపండి. బాబిన్ తీయగలిగే కేస్‌లో ఉండి, ఎడమ చివర నుంచి లోపలికి వెళ్తుంటే అది 15కె. పైనుంచి నేరుగా, సూది ముందు గుండ్రటి బాబిన్ పడితే 66కె గానీ, చిన్న ఒళ్లయితే 99కె గానీ అవుతుంది. గుండ్రటి బాబిన్ లేకుండా పడవలాంటి పొడవాటి షటిల్ లోపల సన్నటి బాబిన్ ఉంటే 27 లేదా 28 కుటుంబం. ఆ సైజు చేతి మిషన్లలో మన దగ్గర ఎక్కువగా కనిపించేది 28కె. వీటన్నింటికీ హెచ్‌ఏ×1 సూదే. 31కె లాంటి దర్జీ మిషన్ అయితే దాని సూది వరుస వేరు, అది ముందే కనుక్కోవాలి. రేకు జరిపినప్పుడు కనిపించినదాన్నీ, పట్టికలో మీ సీరియల్‌కి ఎదురుగా ఉన్న మోడల్‌నీ పోల్చండి. రెండూ కలిస్తే ఆ పేరు కాగితం మీద రాసి మిషన్ డ్రాయర్‌లో గానీ పెట్టెలో గానీ పెట్టుకోండి. కలవకపోతే ఎప్పుడో ఎవరో పై భాగం మార్చి ఉండవచ్చు, లేదా సీరియల్‌లో ఒక అంకె అరిగి తప్పుగా చదివి ఉండవచ్చు. మైనం పూసి తెల్ల కాగితం మీద అచ్చు తీసి మళ్లీ చదవండి.